అమ్మలూ, ఆ ఆరు కోర్సుల లిస్టు పక్కన పెట్టు

అమ్మలూ,

స్టాటిస్టిక్స్ పీజీకి ముందు నేర్చుకుంటానని నువ్వు పంపిన కోర్సుల లిస్టు చూశాను. సి, జావా, పైథాన్, ఆర్, ఎస్‌క్యూఎల్, మెషీన్ లెర్నింగ్, అన్నీ ఈ వేసవి సెలవుల్లోనేనట! ఎవరు చెప్పారే నీకు?

ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎం.స్టాట్ ప్రవేశ పరీక్షలో గానీ, ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లకి పెట్టే జామ్ మేథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్లో గానీ ప్రోగ్రాం రాయమని అడగరు, అడిగేది లెక్కలూ ప్రాబబిలిటీ స్టాటిస్టిక్సే, కాబట్టి పొద్దున బుర్ర చురుగ్గా ఉండే రెండు గంటలూ లీనియర్ ఆల్జీబ్రాకే ఉంచు. ప్రోగ్రామింగ్ అవసరం సీటొచ్చాక మొదటి నెల్లోనే పడుతుంది. నాకు దెబ్బ తగిలింది అక్కడే. మొదటి ల్యాబ్‌లో నా డేటా ఫైలు తెరుచుకోలేదు, గంటసేపు కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే విండోస్ చూపించే ఫోల్డర్ దారిలోని బ్యాక్‌స్లాష్‌ని ఆర్ ఇంకో అర్థంలో తీసుకుంటుంది, దాన్ని ముందుకు వాలిన గీతగా (/) మారిస్తే చాలు. పర్లాకిమిడి నుంచి కాలేజీ ఫస్టుగా వెళ్ళినవాణ్ణి, మొహం ఎక్కడ పెట్టుకోను?

విదేశాలకి కూడా అప్లై చేస్తానంటే మార్కుల జాబితాలో కనపడే కోర్సు ఒకటి ఉంటే మంచిది. కాలేజీలో ఎలక్టివ్ లేకపోతే ఐఐటీల వాళ్ళ ఆన్‌లైన్ పాఠాలున్నాయే, ఆ ఎన్‌పీటెల్‌లో 12 వారాలదొకటి తీసుకుని పరీక్ష రాసెయ్. ఒక్కటి చాలు.

ఆర్‌తోనే మొదలుపెట్టు. ఆక్లండ్ యూనివర్సిటీలో ఇహాకా, జెంటిల్‌మన్ అని ఇద్దరు స్టాటిస్టిక్స్ మాస్టార్లు 1990లలో చేసిన భాష అది, మన పాఠాలకి దగ్గరగా ఉంటుంది. పైథాన్ తర్వాత చూసుకుందువు గాని. అప్పుడు ఒక పని చెయ్: 2, 4, 6 ఇచ్చి రెండింటిలోనూ స్టాండర్డ్ డీవియేషన్ అడుగు. ఆర్ 2 అంటుంది, పైథాన్‌లో లెక్కల కోసం వాడే నంపై అనే ప్యాకేజీ 1.633 అంటుంది. ఎన్ అంటే అంకెల సంఖ్య, ఇక్కడ మూడు; ఆర్ ఎన్ మైనస్ ఒకటితో భాగిస్తుంది, నంపై ఎన్‌తో. కాగితం మీద చేసి చూసుకుంటే ఆ పాఠం జన్మలో మర్చిపోవు.

ఇక ప్రాజెక్టు అంటావా, నెట్‌లో దొరికే పువ్వుల డేటా అందరూ చేసేదే. గుణుపురంలో మీ కొట్టు ఖాతా పుస్తకం ఉందిగా, ఏడాది అమ్మకాలు రోజువారీగా ఎక్కించి సంత రోజుకీ మామూలు రోజుకీ తేడా చూడు. కొట్టు మూసిన రోజు సున్నా వేస్తావా, ఖాళీగా వదులుతావా? సున్నా వేస్తే సగటు పడిపోతుంది, ఖాళీ వదిలితే ఆర్ సగటు చెప్పకుండా ఎన్ఏ, అంటే విలువ లేదు, అని ఊరుకుంటుంది. ఏది ఎందుకు చేశావో నాలుగు వాక్యాలు రాసిపెట్టుకో. నేనే ఇంటర్వ్యూ చేస్తే నీ సర్టిఫికెట్ల జోలికి పోకుండా దీని గురించే అడుగుతాను.

బరంపురం హాస్టల్ నుంచి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ మర్చిపోకు. పుస్తకం ఇమ్మని బావకి నేనే ఫోన్ చేస్తాలే, నువ్వడిగితే లెక్కలు ఎవరికి చూపిస్తావని వంద ప్రశ్నలేస్తాడు.

మావయ్య