పాత సినిమాకి ముందు రెండు నిమిషాలు మాట్లాడేవాడు కావాలా?

అడిగిన ప్రశ్న ఇది: "టీవీలో పాత సినిమాలు వేసేముందు ఎవరో ఒకరు వచ్చి నాలుగు ముక్కలు చెప్పడం అవసరమా? మీరు చూసినవాళ్ళలో బాగా చెప్పింది ఎవరు?"

అవసరమే. మంచి నీళ్ళు తాగాలా అని అడిగినట్టుంది నాకు. ఇక బాగా చెప్పిందెవరు అంటే, ఆయన ఏ ఛానల్లోనూ పని చెయ్యలేదు. మా పర్లాకిమిడిలో నాకు తెలుగు చెప్పిన మాస్టారు.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1 నుంచి ఒడిశాలో ఉంది. ఇప్పుడు గజపతి జిల్లా. పొలిమేర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మాలో చాలామందికి ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, తిట్టుకోడానికి రెండూ. దసరా పందిరి దగ్గర వీధికి అడ్డంగా తెల్లటి తెర కట్టి పదహారు ఎం.ఎం. ప్రొజెక్టర్ మీద సినిమా వేసేవారు. అప్పటికి ఇంటింటికీ టీవీలు రాలేదు. తెలుగు సినిమా వేస్తే ఒడియా ఇళ్ళవాళ్ళూ వచ్చి కూచునేవారు. వాళ్ళకి మాట అర్థం కాదు. అందుకని మాస్టారి చేతికి మైకిచ్చేవారు.

ఆ ఏడు మాయాబజార్ వేశారు. మాస్టారు పంచె ఎగ్గట్టుకుని బల్లెక్కి ముందు తెలుగులో, తరవాత "భాయిమానే" అంటూ ఒడియాలో మాట్లాడారు. సినిమా 1957లో వచ్చిందన్నారు, తీసింది కె.వి.రెడ్డి అన్నారు. ఒడియావాళ్ళ మనసు నొచ్చుకోకుండా, 1936లోనే మీకు 'సీతా బిబాహ' అనే టాకీ వచ్చింది, మన ఊరు మీ రాష్ట్రంలో కలిసిన ఏడే అది కూడా, అని ఒక మాట కలిపారు. దానికి చప్పట్లు పడ్డాయి. ఆఖరికి అన్నారు: "ఇది పాండవుల ఇంటి కథే. కానీ సినిమా మొత్తంలో అయిదుగురు పాండవుల్లో ఒక్కడూ కనిపించడు. కనిపిస్తే వచ్చి నాకు చెప్పండి." మైకు పక్కన పెట్టేసి కిందకి దిగిపోయారు.

అంతే! పిల్లలం కళ్ళార్పితే ఒట్టు. కిరీటం కనిపిస్తే చాలు, వీడు ధర్మరాజేమో, వాడు నకులుడేమో అని తెర మీద వెతకడమే. ఎస్.వి.రంగారావు గద పట్టుకుని దిగగానే నా వెనకాల ఒకడు లేచి "అదిగో భీముడు!" అని కేకేశాడు. మాస్టారు మైకు దగ్గరకి కూడా రాకుండా కూచున్నచోటి నుంచే "వాడి కొడుకురా, కూచో" అన్నారు. వీధి వీధంతా నవ్వింది. ఒడియావాళ్ళకి అదెవరో తర్జుమా చేసి చెప్పి మళ్ళీ నవ్వారు.

ఉన్నది ఒక్క ప్రొజెక్టరే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేసేవారు. మరమరాల పొట్లాలు, వేరుశనగకాయలు అమ్ముకునేవాళ్ళకి అదే బేరం టైము. అలాంటి ఒక సందులో మాస్టారు మళ్ళీ మైకందుకుని, "ఇక్కణ్ణుంచి సావిత్రిని జాగ్రత్తగా చూడండి. ఆవిడ శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. మొహం చూడకండి, భుజాలు చూడండి" అన్నారు. ఆ తరవాత ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా నా కళ్ళు ముందు సావిత్రి భుజాల మీదికే పోతాయి. ఆడపిల్ల ఒంట్లో మగరాక్షసుడు మెదులుతున్నాడని ఆవిడ ఎక్కడెక్కడ చూపించిందో మీరూ ఒకసారి అలా చూడండి. నటనంటే ఏమిటో నాకు ఆ రాత్రే తెలిసింది. ఆ తరవాత పేపర్లలో చదివిన ఏ విశ్లేషణా నాకంత తెలియజెప్పలేదు.

ఇంకోటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తెరకి ఇవతల చోటు దొరకనివాళ్ళు అవతల కూచునేవారు. బొమ్మ అటూ పడుతుంది, కాకపోతే కుడి ఎడమవుతుంది, అక్షరాలు తిరగబడతాయి. 'వివాహ భోజనంబు' పాట దగ్గర అవతలి నుంచి ఒక ముసలావిడ గొంతు: "ఓలమ్మా, పెళ్ళి భోజనం ఎడం చేత్తో తినేస్తన్నాడేటి!" మా వీధి చివర మిఠాయి దుకాణం ఒడియా ఆయనకి ఆ గొడవే పట్టలేదు. లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లో పడుతుంటే మహా శ్రద్ధగా చూసి, తన దగ్గర పనిచేసే కుర్రాడైతే ఇంతకన్నా గుండ్రంగా చుడతాడని తీర్పిచ్చాడు.

ఇప్పుడు టీవీకొద్దాం. పాత సినిమా మధ్యాహ్నం పూట వేస్తారు. ముందు ఒక ముక్క ఉండదు. ఒక్కోసారి టైటిల్సే ఉండవు, నేరుగా కథలోకి దిగిపోతారు. మాటలు రాసినాయన, కెమెరా పట్టినాయన, పాట పాడినావిడ, అందరి పేర్లూ గోవిందా. మూడు గంటలు దాటిన సినిమాలో పాటలు కోసేసి, ఆ కోసిన చోట నూనె, సబ్బు, బంగారం తాకట్టు ప్రకటనలు దూరుస్తారు. దుఃఖం సీనులో సావిత్రి గడ్డం కింద నుంచి ఏదో చీరల డిస్కౌంటు పాకుతూ పోతుంది. అన్నిటికన్నా ఘోరం బొమ్మని సాగదీయడం. ఆ కాలంలో తెర దాదాపు చదరంగా ఉండేది. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీకి సరిపెట్టాలని రెండు పక్కలా లాగుతారు. ఎస్.వి.రంగారావుగారికి ఆ సాగదీత అవసరమా చెప్పండి! లాగకపోతే పెద్దది చేస్తారు, అప్పుడు తలలు తెగిపోతాయి. మాయాబజార్‌కి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే అంత లెక్కగా కట్టిన ఫ్రేముని ఎవరో కుర్రాడు రిమోట్ బటన్‌తో చెడగొడతాడు. 2010లో మాయాబజార్‌కి రంగులేసి థియేటర్లలోకి వదిలారు కదా, దాని వల్ల కొత్త పిల్లలు కొందరు ఆ సినిమా చూశారని ఒప్పుకుంటాను. కానీ బార్ట్లే నలుపు తెలుపుల్లో పట్టిన వెన్నెలకి రంగు పూసే చేతులు ఎలా వచ్చాయో నాకు అర్థం కాదు.

మా సరిహద్దువాళ్ళకి ఇంకో బాధ. డిష్ పెట్టించుకుందామంటే మా పిన్‌కోడ్ చూసి ఒడియా ప్యాక్ తగిలిస్తారు. తెలుగు ఛానళ్ళు విడిగా కొనుక్కోవాలట. ఫోన్ చేస్తే "మీది ఒడిశా కదా సార్" అని ఆ అబ్బాయి తెలుగులోనే చెప్తాడు! మా అమ్మకి తొంభయ్యేళ్ళు దగ్గర పడుతున్నాయి. అక్కినేనిని చూడకుండా ఆవిడకి మధ్యాహ్నం గడవదు. ఈ సంగతి ఏ ప్యాక్‌లో పెట్టాలి?

ఇలా ముందు మాట చెప్పే హోస్ట్ అంటే ఎలా ఉండాలో తెలియాలంటే, అమెరికాలో పాత సినిమాలు వేసే టర్నర్ క్లాసిక్ మూవీస్ ఛానల్లో రాబర్ట్ ఆస్బర్న్‌ని చూడండి. యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. ఆ ఛానల్ 1994 ఏప్రిల్ 14న 'గాన్ విత్ ద విండ్'తో మొదలైంది. మొదటి రోజు నుంచీ ఆయనే. 2017లో పోయేదాకా ఆయన పేరే ఆ ఛానల్‌కి గుర్తు. కుర్రతనంలో నటుడవుదామని వెళ్తే, లూసిల్ బాల్ అనే పెద్ద నటి, నువ్వు సినిమాల గురించి రాయవయ్యా అని దారి మళ్ళించిందట. ఆవిడకి దణ్ణం పెట్టాలి. కోటు వేసుకుని నిలబడి, ఇంట్లో చుట్టంతో మాట్లాడినట్టు రెండు ముక్కలు చెప్తాడు. ఆ వేషానికి ముందు ఎవరిని అనుకున్నారు, ఎవరు తప్పుకున్నారు, షూటింగ్‌లో ఏం గొడవైంది. అయిపోయాక మళ్ళీ వచ్చి ఇంకో ముక్క. మధ్యలో సినిమాని కోయరు, ప్రకటనలూ ఉండవు. ఆయన గొంతు పెంచగా నేను చూడలేదు. మా మాస్టారికీ ఆయనకీ పరిచయం లేదు గానీ ఇద్దరి పద్ధతీ ఒకటే: చూడాల్సిన చోటు చూపించి పక్కకి తప్పుకోవడం.

మనకి అలాంటివాళ్ళు లేరా అంటే, పాటలకి ఉన్నారు. సిలోన్ రేడియోలో తెలుగు పాటలు వేసిన మీనాక్షి పొన్నుదురై గొంతు విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలుపెట్టిన బాలసుబ్రహ్మణ్యంగారు ఉన్నారు. పాడిన పిల్లకి మార్కులు చెప్పేలోపు ఆ పాట ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎక్కడ ఒత్తు జారింది, అన్నీ చెప్పేసేవారు. ఆ పిల్లకి తప్పు తెలిసేది, కన్నీళ్ళు వచ్చేవి కావు. 2020లో ఆయన పోయాక ఆ కుర్చీలో ఎవరు కూచున్నా నాకు ఖాళీగానే కనిపిస్తోంది. సినిమాకి మాత్రం అలాంటి కుర్చీ మనవాళ్ళు అసలు వెయ్యనే లేదు.

వేసినా ఎవర్ని కూచోబెడతారో నాకు తెలుసు. ఒక హీరోని. హీరోలు హోస్టులుగా పనికిరారని నా గట్టి నమ్మకం. వాళ్ళకి ఎదుటివాడు చెప్పేది వినడం అలవాటుండదు, వాళ్ళు మాట్లాడితే అందరూ వినడమే అలవాటు. 2000లో అమితాబ్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అనే హిందీ క్విజ్ ప్రోగ్రామ్‌లో కూచుని పల్లెటూరివాణ్ణి కూడా "మీరు" అని మాట్లాడి నా సిద్ధాంతానికి దెబ్బ కొట్టాడు. సరే, ఆయనొక్కడినీ పక్కన పెట్టండి. హీరో దొరక్కపోతే ఒక యాంకరమ్మాయి, ఒక యాంకరబ్బాయి. ఇద్దరూ ఒకేసారి అరవడం, ఎవరూ నవ్వకపోయినా వెనకనుంచి నవ్వుల టేపు, వచ్చినవాణ్ణి మాట పూర్తి చెయ్యనివ్వకపోవడం. ఒక పెద్ద సంగీత దర్శకుడు పక్కన కూచుని ఉంటే, "సార్, మీ ఫేవరెట్ ఫుడ్ ఏంటి?" అని అడగడం నేను కళ్ళారా చూశాను.

అన్నట్టు, ఆ కామెడీ స్కిట్లలో మా శ్రీకాకుళం యాసని పనివాడికి, తాగుబోతుకి తప్ప ఎవరికీ ఇవ్వరేం? 'ఏటి', 'వచ్చేస్తన్నాడు' అంటే జనం నవ్వాలి, అంతేనా? బడి పుస్తకాల్లోకి వాడుక భాష రావాలని పోరాడిన గిడుగు రామమూర్తిగారు మాస్టారిగా పనిచేసింది మా పర్లాకిమిడిలోనే. ఆయనుండి ఉంటే ఈ స్కిట్ రాసేవాళ్ళని బల్లెక్కించేవారు. ఇది మీ ప్రశ్నకి సంబంధం లేదని తెలుసు, అయినా అనేశాను.

"పాత సినిమా ఎవడు చూస్తాడండీ, వాటికి హోస్ట్ కూడానా?" అని ఒకాయన ఈ ప్రశ్న కింద రాశాడు. చెప్పేవాడు లేకే చూడటం లేదు స్వామీ. మా మేనల్లుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. మొన్న సంక్రాంతికొచ్చినప్పుడు నలుపు తెలుపు అనగానే ఫోన్ తీశాడు. నేను మాస్టారి పాండవుల ముక్క వేశాను. ఫోన్ జేబులో పెట్టి సినిమా అంతా చూశాడు. ఒక్కడితో లోకమంతా తేల్చేస్తారా అంటారేమో. తేల్చేస్తాను.

ఏ ఛానల్‌వాళ్ళైనా ఇది చదువుతుంటే, మిస్సమ్మతో మొదలుపెట్టండి. ముందు మాట నేనే రాసిస్తాను, డబ్బులక్కర్లేదు:

"1955లో వచ్చిన సినిమా, ఎల్.వి.ప్రసాద్ తీశారు. మిస్సమ్మ వేషం మొదట భానుమతిది. కొన్ని రీళ్ళు తీశాక నిర్మాత చక్రపాణికీ ఆవిడకీ మాటామాటా వచ్చి ఆవిడ తప్పుకున్నారు. అంతవరకు చెల్లెలి వేషానికి అనుకున్న సావిత్రి పెద్ద వేషంలోకి వచ్చింది, ఆ చెల్లెలి వేషం జమునకి దక్కింది. కోపం వచ్చినప్పుడల్లా సావిత్రి ఎలా చూస్తుందో గమనించండి, ఆ వేషం అనుకోకుండా దొరికిందంటే నమ్మబుద్ధి కాదు. పాటలకి బాణీలు కట్టిన సాలూరు రాజేశ్వరరావుది మా వైపే, సాలూరు దగ్గర శివరామపురం. పాటలు ఒక్కటీ కొయ్యలేదు. పేర్లు కూడా పూర్తిగా పడతాయి, కూచోండి."