మా పాప ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తానంటోంది, చేర్పించమంటారా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర పల్లె. పాప పది పాసైంది, పాలిటెక్నిక్‌లో చేరడానికి పాలిసెట్ రాసింది. ఎలక్ట్రికల్ తీసుకుంటానంటోంది. మొన్న బోరు మోటరు ఆగిపోతే మెయిన్ ఆఫ్ చేసి, స్టార్టర్ డబ్బా విప్పి, కాలిన వైరు ఎక్కడుందో తనే చూపించింది. మా అమ్మ, చుట్టాలు మాత్రం ‘ఆడబిడ్డకు కరెంటు పనేంది, టీచర్ ట్రైనింగుకు పంపు’ అంటున్నారు. నాకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు: చేర్పించండి. మెయిన్ ఆఫ్ చేశాకే డబ్బా ముట్టుకుందని రాశారు చూడండి, నాకు ఆ ఒక్క మాట చాలు. పని మీద ఇష్టమే కాదు, జాగ్రత్త కూడా ఉంది పాపకు.

మీ అమ్మగారిని తప్పుపట్టను. తనకు తెలిసిన భద్రమైన దారి చెబుతున్నారు. కానీ ఆ దారి కూడా ఒకప్పుడు లేదు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టేనాటికి ఆడవాళ్లకు చదువే వద్దనేవారు. మన తిరుపతిలో పద్మావతి మహిళా కళాశాల 1952లో, మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చాయి. ఆడపిల్లలు చదివి పంతులమ్మలై చూపించాకే అది ‘ఆడవాళ్లకు తగిన ఉద్యోగం’ అయింది.

మీ అమ్మగారికి అయ్యలసోమయాజుల లలిత కథ చెప్పండి. తెలుగింటి ఆడపడుచు. 15 ఏళ్లకు పెళ్లి, 18 ఏళ్లకే భర్త పోయారు, ఒళ్లో నెలల బిడ్డ. ఆవిడ తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. అంతా మగపిల్లలే చదివే ఆ కాలేజీలో అనుమతి అడిగి తెచ్చి, కూతుర్ని ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. పట్టాలో ‘అతడు’ అని అచ్చయిన మాట కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సి వచ్చిందట! తర్వాత ఆవిడ కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్లు డిజైన్ చేశారు, భాక్రా నంగల్ ప్రాజెక్టుకూ పనిచేశారు. 1940ల్లోనే ఒక తండ్రి అంత తెగించారంటే నాకిప్పటికీ గుండె నిండుతుంది.

ఇక లెక్కలు. డిప్లొమా మూడేళ్లు. తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) అమ్మాయిలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌కు అప్లై చేయండి, వస్తే ఏడాదికి 50,000 రూపాయలు. మన కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది. సబ్ ఇంజనీర్ పోస్టులకు అడిగేది ఈ డిప్లొమానే. రైల్వేలో జూనియర్ ఇంజనీర్ పరీక్షకూ పనికొస్తుంది.

మీ టెన్షన్ రాకపోకల గురించైతే అది న్యాయమే. అందుకని బ్రాంచి మార్చకండి, కాలేజీని చూసి ఎంచుకోండి. కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టే ముందే పాపను వెంటబెట్టుకుని హాస్టల్‌కు వెళ్లండి. రాత్రిపూట వార్డెన్ ఉంటారా, బస్టాండ్ నుంచి ఎంత నడవాలి, అక్కడి అమ్మాయిలనే అడగండి.

పాపకు ఒక మాట. ల్యాబులో అబ్బాయిలు వైరింగ్ చేస్తుంటే, చేతిరాత బాగుందని అమ్మాయిలను రీడింగులు రాసుకోమంటారు. చాలా కాలేజీల్లో చూశానమ్మా. మొదటి రోజే నీ టెస్టర్, నీ స్క్రూడ్రైవర్ తీసుకెళ్లు. కనెక్షన్ నువ్వివ్వు, రీడింగ్ వాళ్లను రాసుకోమను.