కమిషన్ మిగులుతుంది సరే, కాగితాల మాటేమిటి?

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కొని అయిదారేళ్లు గడిపిన మనవారు, ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లవలసి వచ్చినప్పుడో, ఇండియాకు తిరిగి వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నప్పుడో తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: కొనేవాళ్లు మన వాట్సాప్ గ్రూపులోనే దొరుకుతుంటే ఏజెంటుకు వేల డాలర్లు ఎందుకివ్వాలి? ఇవ్వనవసరం లేదు. టెక్సస్‌లో తన ఇంటిని తానే అమ్ముకునే యజమానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. నేనూ ఒక ఇంటిని అలాగే అమ్మాను. అయితే మిగిలిన కమిషన్‌లో కొంత లాయరుకు ఇవ్వడానికి ముందే సిద్ధపడండి. కొనేది ఎంత తెలిసినవాళ్లయితే కాగితాలు అంత గట్టిగా ఉండాలని అనుభవం మీద చెబుతున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఆనవాయితీగా అమ్మేవారు ఇచ్చే కమిషన్ అయిదారు శాతం. దాన్ని ఇరుపక్షాల ఏజెంట్లూ పంచుకుంటారు. అయిదు లక్షల డాలర్ల ఇంటిపై ఆరు శాతమంటే ముప్పై వేలు. 2024 ఆగస్టు 17 నుంచి కొనుగోలుదారు ఏజెంటుకు ఇంత ఇస్తామని, ఏజెంట్లు అమ్మకపు ఇళ్లను నమోదు చేసే ఎంఎల్ఎస్‌లో ప్రకటించడం ఆగిపోయింది; కొనేవారు ఇల్లు చూడకముందే తమ ఏజెంటుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. అయినా ఆ ఏజెంటు రుసుమును మీరే భరించాలని కొనేవారు ఆఫరులో అడగవచ్చు. కాబట్టి పూర్తి కమిషన్ మిగిలేది వాళ్లు కూడా ఏజెంటు లేకుండా వచ్చినప్పుడే.

ధర నిర్ణయించడం కష్టమైన పని. టెక్సస్‌లో ఇళ్లు అమ్ముడైన ధరలను ప్రభుత్వ రికార్డుల్లో వెల్లడించాలన్న నియమం లేదు. కౌంటీ వేసే విలువ ఆస్తిపన్ను కోసం వేసేది. పక్కింటివారు అడిగిన ధర అందరికీ తెలుస్తుంది గానీ, చివరికి వాళ్ల చేతికి వచ్చిన ధర తెలియదు. కొన్ని వందల డాలర్లు ఖర్చయినా లైసెన్సున్న అప్రైజర్‌తో విలువ కట్టించుకోవడం మేలు.

ప్రకటన రాసేటప్పుడు ఒక జాగ్రత్త. తూర్పు ముఖం, ఈశాన్యంలో పూజగది అని రాయడం ఇంటి వర్ణన. దానికి అభ్యంతరం లేదు. "తెలుగువారికి ప్రాధాన్యం", "హిందూ కుటుంబాలకు మాత్రమే" అని రాయడం మాత్రం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టానికి విరుద్ధం. ఏజెంటు లేకుండా అమ్ముకునే యజమానికి ఆ చట్టంలో కొన్ని మినహాయింపులున్నా, ప్రకటనల విషయంలో లేవు.

నా మొదటి బేరం ఒక పరిచయస్థుల కుటుంబంతో కుదిరింది. మా ఇంట్లోనే భోజనం చేసి, గృహప్రవేశానికి ముహూర్తం కూడా చూసుకున్నారు. మాట ఇచ్చారు కదా అని మూడు వారాలు మరెవ్వరికీ ఇల్లు చూపించలేదు. తరువాత వాళ్లు మరో ఇల్లు నచ్చిందని చెప్పారు. వాళ్లను తప్పుపట్టలేను; ఇక్కడ స్థిరాస్తి అమ్మకానికి నోటిమాట చెల్లదు, సంతకాలున్న ఒప్పందం కావాలి. రెండోసారి లాయరుతో కాంట్రాక్టు రాయించాను. అందులో ఎర్నెస్ట్ మనీ, అంటే మన బయానా, నా ఖాతాకు కాకుండా నేరుగా టైటిల్ కంపెనీకి, అంటే యాజమాన్య రికార్డులు పరిశీలించి అమ్మకం పూర్తిచేసే మధ్యవర్తి సంస్థకు, వెళ్లింది. కొద్దిపాటి ఆప్షన్ ఫీజు చెల్లించిన కొనుగోలుదారు, ఒప్పుకున్న ఆ కొద్దిరోజుల్లో ఇన్‌స్పెక్షన్ చేయించుకొని, ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు. ఆ గడువు దాటితే ఎర్నెస్ట్ మనీ పోతుందన్న భయం ఉంటుంది. కొనేవారికి అప్పు ఇవ్వడానికి సిద్ధమన్న బ్యాంకు ప్రీ-అప్రూవల్ లేఖ చూడకుండా ఎవరితోనూ కాంట్రాక్టుకు వెళ్లవద్దు.

ఇంటి లోపాలను తెలియజేసే సెల్లర్స్ డిస్‌క్లోజర్ పత్రం మరీ ముఖ్యం. పునాది కదలిక, పైకప్పు లీకులు, పాత మరమ్మతులు అన్నీ అందులో రాసి, కాంట్రాక్టు అమల్లోకి వచ్చేలోగా ఇవ్వాలి. అప్పటికి ఇవ్వకపోతే, తరువాత ఆ పత్రం అందిన ఏడు రోజుల్లోపు కొనేవారు కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. స్నేహితుడితో నోటితో చెప్పాను కదా అనుకుంటే, రేపు గోడ పగిలినప్పుడు ఆ మాటకు సాక్ష్యం ఉండదు.

మన ఊళ్లో ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూపించి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తాం. టెక్సస్‌లో ఆ పనిలో ఎక్కువ భాగం టైటిల్ కంపెనీదే: పాత దస్తావేజులు, తాకట్లు పరిశీలించడం, మీ అప్పు తీర్చడం, ఆస్తిపన్నును రోజుల లెక్కన పంచడం, మిగిలిన డబ్బు మీకు పంపడం. వైర్ చేయవలసిన ఖాతా మారిందంటూ ఈమెయిల్ వస్తే, ముందునుంచీ మీ దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. మీరు వైర్ చేసిన డబ్బు మోసగాళ్ల ఖాతాకు వెళ్తే తిరిగి రాబట్టడం చాలా కష్టం.

ఇక పన్ను. అమ్మకానికి ముందు అయిదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ ఇల్లు మీదై, అందులో నివసించి ఉంటే, లాభంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు, జంటగా రిటర్న్ వేసేవారికి అయిదు లక్షల వరకు పన్ను ఉండదు. ఇండియాకు తిరిగి వెళ్లేవారు ఇక్కడే తరచు పొరబడతారు. హెచ్-1బీపై ఇక్కడే ఉంటూ పన్ను విషయంలో రెసిడెంటుగా లెక్కకు వచ్చినంతకాలం, విదేశీయులం కామన్న అఫిడవిట్‌తో పని జరుగుతుంది. గ్రీన్‌కార్డు లేకుండా తిరిగి వెళ్లిపోయి, పన్ను విషయంలో నాన్-రెసిడెంటు అయ్యాక అమ్మితే, విదేశీయులు ఇక్కడి స్థిరాస్తి అమ్మినప్పుడు వర్తించే ఫిర్ప్టా చట్టం ప్రకారం కొనేవారు సాధారణంగా మొత్తం ధరలో 15 శాతం పట్టి అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు కట్టాలి. అది లాభం మీద కాదు, ధర మీద: అయిదు లక్షల ఇంటికి డెబ్బై అయిదు వేలు. కొనేవారు స్వయంగా ఉండటానికి కొంటే, ధర పది లక్షలు మించనంతవరకు కోత 10 శాతమే. మూడు లక్షలు మించకపోతే కోతే ఉండదు. అసలు పన్ను అంతకన్నా తక్కువని తేలేటట్లుంటే, కోత తగ్గించమని ఫారం 8288-బి దరఖాస్తును క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే) రోజులోపే పంపాలి. అందుకే సామాను ఓడకెక్కించడానికి చాలా ముందే పన్ను లెక్కలు చూసే సీపీఏను కలవండి. సంతకాలకు ఇక్కడ ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వదలిస్తే, ఆ నమూనాను టైటిల్ కంపెనీకి ముందే చూపించి ఒప్పించుకోండి.