దాళ్వా వరిలో ఎలుకలు ఎర ముట్టడం లేదా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల్లో దాళ్వా (రబీ) వరి వేశాను, నాట్లు పడి నెల రోజులైంది. ఎలుకలు పిలకలు కొట్టేస్తుంటే పదిహేను రోజుల కిందట జింకు ఫాస్ఫైడు నూకల్లో కలిపి పొట్లాలు పెట్టాను. మొదటి రోజు కొన్ని చచ్చాయి. ఆ తర్వాత పొట్లాలు పెట్టినవి పెట్టినట్టే ఉంటున్నాయి. ఎండు చేప కలపమని ఒకరు, బెల్లం వేయమని ఇంకొకరు చెబుతున్నారు. ఏ ఎర పెడితే తింటాయి? లేక ఎలుకల్ని పట్టే వెదురు బుట్టలు పెట్టించమంటారా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఎర రుచిగా లేక కాదండీ అవి తిననిది. జింకు ఫాస్ఫైడు కడుపులోకి వెళ్ళగానే అక్కడి ఆమ్లంతో కలిసి విషవాయువు పుడుతుంది. చాలినంత తిన్న ఎలుక కొన్ని గంటల్లోనే చస్తుంది. కొంచెం కొరికి వదిలేసింది మాత్రం బాధపడి బతుకుతుంది, ఆ తిండిని గుర్తుపెట్టుకుని రెండు మూడు నెలల దాకా దాని జోలికి రాదు. ఎలుకలు కొత్త తిండిని ముందు కొద్దిగానే రుచి చూస్తాయి. అందుకే ఈ మందు పెట్టేముందు రెండు రోజులు మందు లేని ఎర, అంటే 98 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, అలవాటు చేసి మూడో రోజు మందు ఎర పెట్టమంటాం. మీరు నేరుగా మందుతోనే మొదలుపెట్టినట్టున్నారు. ఈ పంటకు ఇక జింకు ఫాస్ఫైడు మానేయండి, మోతాదు పెంచినా లాభం లేదు.

ఇప్పుడు వాడాల్సింది బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న నాలుగైదు రోజులకు గానీ ప్రభావం కనిపించదు కాబట్టి, ఏం తిని జబ్బు చేసిందో ఎలుకకు తెలియదు. ముందుగా ఎర అలవాటు చేసే పని కూడా ఉండదు. మర్నాడే చచ్చిన ఎలుకలు కనపడలేదని టెన్షన్ పడకండి, చాలావరకు కన్నాల్లోనే చస్తాయి.

కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల వంటనూనె, 20 గ్రాముల మందు. ముందు నూకలకు నూనె పట్టించి తర్వాత పొడి చల్లి కర్రతో కలపాలి. నూనె లేకపోతే పొడి గింజకు అంటుకోదు, అడుగున రాలిపోతుంది. నూకలు ముక్కిపోయినవి, పురుగు పట్టినవి వద్దు. మన డెల్టా ఎలుక రోజూ తినేది వరే కాబట్టి దానికి తెలిసిన తిండి నూకలే. అయితే మీ పొలంలో దెబ్బతిన్న ఎలుకలకు నూకల మీదే అనుమానం పట్టి ఉండొచ్చు. అందుకని పది కన్నాల్లో మందు లేకుండా నూకలు, నూనె పొట్లాలు పెట్టి చూడండి. మర్నాటికి ఖాళీ అయితే నూకలతోనే కానివ్వండి. ముట్టకపోతే మరమరాలను నలిపి అదే కొలతలో వాడండి, నూనె కూడా మార్చండి.

ఎండు చేప ఇంట్లో బోనుకు బాగుంటుంది. పొలంలో పెడితే ఎలుక కంటే ముందు కుక్కలు, పిల్లులు వస్తాయి. బెల్లం చెమ్మ పట్టి చీమలను పిలుస్తుంది.

ఎర ఎంత మంచిదైనా ఖాళీ కన్నంలో పడితే దండగ. సాయంత్రం గట్ల మీది కన్నాలన్నీ మట్టితో మూసేయండి. తెల్లారేసరికి మళ్ళీ తెరుచుకున్న వాటిలోనే ఎలుక ఉన్నట్టు. ఎండ్రకాయ బొరియలతో పొరపడకండి, వాటిలో నీళ్ళుంటాయి, మూతి దగ్గర బురద కనిపిస్తుంది. ఎలుక కన్నం ముందు పొడి మట్టి గుల్లగా పోసి ఉంటుంది. ఎలుక ఉన్న కన్నానికి 10 నుంచి 15 గ్రాముల కాగితం పొట్లం ఒకటి కట్టి, కర్రతో లోపలికంటా తోయండి. పైన వదిలేస్తే పిట్టలు, కోళ్ళు తింటాయి. పది పదిహేను రోజులయ్యాక మళ్ళీ కన్నాలు మూసి చూసి, తెరుచుకున్న వాటికి రెండో విడత పెట్టండి.

ఇదంతా నాట్లు పడిన 45 రోజుల్లోపే, అంటే మీకు ఇంకా రెండు వారాలే సమయం. పొట్ట దశ, అంటే కంకి ఇంకా కాండంలోనే ఉండే దశ, వచ్చాక తియ్యటి పొట్టను వదిలి మన నూకల కోసం ఏ ఎలుకా రాదు. అప్పుడిక కన్నాల్లో పొగ పెట్టే యంత్రం, బుట్టలే దిక్కు. మీరొక్కరే చేస్తే పక్క చేలో ఎలుకలు వారంలో మీ గట్టెక్కుతాయి. ఒకే చెరువు కింద, ఒకే కాలువ కింద ఉన్న రైతులంతా కాలువ గట్టుతో సహా ఒకే రోజు పెట్టుకోండి. మార్టేరు వరి పరిశోధన స్థానంలో ఎలుకల మీద ప్రత్యేకంగా పనిచేసే విభాగం ఉంది. మీకు దగ్గరే, నలుగురు కలిసి వెళ్ళి అడిగితే కలిపే పద్ధతి దగ్గరుండి చూపిస్తారు.

మందు కలిపేటప్పుడు చేతికి తొడుగులు, మూతికి గుడ్డ తప్పనిసరి. వంటింటి గిన్నెలు వద్దు. మిగిలిన ఎర, కనిపించిన చచ్చిన ఎలుకలు లోతుగా పాతిపెట్టండి, లేకపోతే వాటిని తిన్న గుడ్లగూబలకూ ముప్పే. పొరపాటున ఎవరైనా ఎర తింటే డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడుగా ఇస్తారు. జింకు ఫాస్ఫైడుకు, కొందరు రొట్టె ముక్కలకు పూసి పెట్టే పసుపు భాస్వరం పేస్టుకు విరుగుడు లేదు. గట్ల చుట్టూ కరెంటు తీగ లాగే ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా వినకండి. అలా ఎలుకల కోసం లాగిన తీగలకు మనుషులే పోతున్నారు.

బుట్టలు తప్పకుండా పెట్టించండి. ఎకరాకు 20 దాకా పెట్టించవచ్చు, మందు పెట్టలేని పొట్ట దశలోనూ పనికొస్తాయి. వాటిలో ఏ ఎర వేయాలో బుట్టలు పెట్టేవాళ్ళకు మనకంటే బాగా తెలుసు, వాళ్ళకే వదిలేయండి. ఎలుకకు ఇంత అని ముందే మాట్లాడుకుని, పొద్దున్నే లెక్క చూసి డబ్బులివ్వండి.