పాఠకుల ప్రశ్నలు: ఇండియానాపోలిస్ పందెం ఏ ఊళ్లో జరుగుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఉంటున్నారు. వాళ్లకు వచ్చే ఉత్తరాల మీద ఊరి పేరు ఇండియానాపోలిస్ అనే ఉంటుంది. మేము వెళ్లినప్పుడు చూస్తే, వాళ్ల వీధిలో తిరిగే పోలీసు కారు మీద మాత్రం ‘స్పీడ్‌వే’ అని రాసి ఉంది. అక్కడి పౌరురాలైన మా కోడలు ఇండియానాపోలిస్ మేయర్ ఎన్నికలోనూ, స్పీడ్‌వే పట్టణ కౌన్సిల్ ఎన్నికలోనూ ఓటు వేస్తుందట. ఇంతకీ వాళ్లది ఏ ఊరు?

జవాబు: రెండూ వాళ్ల ఊళ్లే. పోస్టు శాఖ లెక్కలో వాళ్లది ఇండియానాపోలిస్. వీధికి కాపలా కాసే పోలీసుల లెక్కలో స్పీడ్‌వే. ఈ రెండు లెక్కలూ ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే 1969కి వెళ్లాలి. ఆ ఏడాది ఇండియానా రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం ప్రకారం ఇండియానాపోలిస్ నగరాన్నీ, అది ఉన్న మేరియన్ కౌంటీనీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కలిపి 1970 జనవరి 1 నుంచి ఒకే మేయర్ కిందికి, ఒకే కౌన్సిల్ కిందికి తెచ్చారు. ఈ ఏర్పాటుకు యూనిగవ్ అని పేరు. అప్పటి మేయర్ రిచర్డ్ లూగర్ దీనికి ముందు నిలిచి పనిచేశారు. ప్రజల ఓటుకు పెట్టకుండానే పని పూర్తి చేశారు. 1960లో సుమారు 4.76 లక్షలున్న నగర జనాభా 1970 లెక్కల్లో 7.44 లక్షలు దాటింది. ఊరు అంతగా పెరిగిందని కాదు, సరిహద్దు గీత జరిగింది.

ఆ గీత లోపల కూడా నాలుగు ఊళ్లను విలీనం చేయలేదు. బీచ్ గ్రోవ్, లారెన్స్, సౌత్‌పోర్ట్ నగరాలు, స్పీడ్‌వే పట్టణం. వీటిని అక్కడ ‘ఎక్స్‌క్లూడెడ్ సిటీస్’, అంటే మినహాయించిన నగరాలు, అంటారు. వీటి కౌన్సిళ్లు, పోలీసు విభాగాలు వీటివే. అయితే కౌంటీ మొత్తానికి చేయవలసిన పనులు ఇప్పుడు ఇండియానాపోలిస్ మేయర్ చేతిలోనే ఉన్నాయి గనుక, ఆ మేయర్‌ను ఎన్నుకోవడంలో ఈ ఊళ్ల వాళ్లకూ ఓటు ఉంటుంది. మీ కోడలికి రెండు ఓట్లు వచ్చినది ఇలాగే. ప్రపంచమంతా ‘ఇండియానాపోలిస్ 500’ అని పిలిచే కారు పందెం కూడా నిజానికి ఇండియానాపోలిస్‌లో జరగదు. 1909లో కట్టిన ఆ పందెపు బాట, 1926లో పట్టణంగా ఏర్పడిన స్పీడ్‌వే హద్దుల్లో ఉంది. జనాభా లెక్కల వాళ్లకైతే ఇదొక తలనొప్పి. ఈ నాలుగు ఊళ్లనూ, తమ కౌన్సిళ్లున్న మరికొన్ని చిన్న పట్టణాలనూ తీసివేయగా మిగిలిన భాగాన్ని వారు పట్టికల్లో ‘ఇండియానాపోలిస్ నగరం (మిగతా భాగం)’ అని విడిగా చూపుతారు.

అక్కడే మరో రెండు తరహాల ఊళ్లు కూడా ఉన్నాయి. మెరిడియన్ హిల్స్, రాకీ రిపుల్ వంటి చిన్న పట్టణాలు విలీనమైనా తమ కౌన్సిళ్లనూ, కొద్దిపాటి అధికారాలనూ నిలుపుకున్నాయి. బ్రాడ్ రిపుల్‌ది వేరే సంగతి. అది 1922లోనే నగరంలో కలిసిపోయింది, దానికి కౌన్సిలూ లేదు, పోలీసూ లేదు. అయినా నూరేళ్ల తర్వాత కూడా జనం ‘బ్రాడ్ రిపుల్ వెళ్తున్నాం’ అనే అంటారు. పేరు బతకడానికి ప్రభుత్వం అక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ తన వీధి గురించి తానే ఒక నిర్ణయం తీసుకునే శక్తి బ్రాడ్ రిపుల్‌కు లేదు, స్పీడ్‌వేకు ఉంది.

ఇక బడుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. యూనిగవ్ చట్టం నగరాన్నీ కౌంటీనీ కలిపింది గానీ పాఠశాల జిల్లాల జోలికి పోలేదు. మేరియన్ కౌంటీలో 11 పాఠశాల జిల్లాలు ఎవరి హద్దుల్లో అవి, ఎవరి పన్నులతో అవి నడుస్తూ వచ్చాయి. నల్లజాతి పిల్లలు ఎక్కువగా ఉన్న పాత నగరపు బడులు ఒక జిల్లాలోనూ, తెల్లవారు ఎక్కువగా ఉన్న శివారు టౌన్‌షిప్‌ల (కౌంటీలోని చిన్న విభాగాల) బడులు వేరే జిల్లాల్లోనూ ఉండిపోయాయి. దీని మీద నడిచిన వ్యాజ్యంలో ఫెడరల్ న్యాయమూర్తి హ్యూ డిలిన్, ఏకీకరణ చట్టం పాఠశాలలను వదిలివేయడాన్ని తన కారణాల్లో ఒకటిగా చూపారు. ఆయన ఆదేశం మేరకు 1981 నుంచి నగరంలోని నల్లజాతి పిల్లలను శివారు బడులకు బస్సుల్లో తీసుకువెళ్లారు. అటు నుంచి ఇటు మాత్రం ఎవరినీ తేలేదు. ఆ ఏర్పాటు 2016 దాకా సాగింది. శివారు ఊళ్ల ప్రత్యేకత గురించి ఎంతో ఆప్యాయంగా మాట్లాడేవారిని చూసినప్పుడల్లా నాకు ఈ బస్సులు గుర్తుకు వస్తాయి. కాపాడుకున్న దానిలో ఊరి మీద మమకారమూ ఉంది, పక్కవాడిని రానివ్వకూడదన్న పట్టుదలా ఉంది. ఏది ఎంత పాలు అన్నది ఊరినిబట్టి మారుతుంది.

ప్రశ్న: ఇండియానాపోలిస్ వాసికి స్పీడ్‌వే ఎన్నికల్లో ఓటు లేదు. స్పీడ్‌వే వాసికి మాత్రం రెండు చోట్లా ఉంది. ఇది అన్యాయం కాదా?

జవాబు: సగం అన్యాయమే. కౌంటీ పనులకు వాళ్లూ పన్ను కడుతున్నారు గనుక మేయర్ ఎన్నికలో ఓటు న్యాయమే. కానీ అదే మేయర్ నడిపే నగర పోలీసులు తమ వీధికి రాకపోయినా, ఆ పోలీసుల సంగతి తేల్చే ఎన్నికలో వాళ్లకు పాత్ర ఉండటం కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. 1968లో డువాల్ కౌంటీతో కలిసిన జాక్సన్‌విల్‌లోనూ ఇదే తీరు. అక్కడ అట్లాంటిక్ బీచ్, నెప్ట్యూన్ బీచ్, జాక్సన్‌విల్ బీచ్, బాల్డ్‌విన్ విడిగా ఉండిపోయాయి. 2003లో ఏకమైన లూయివిల్‌లోనైతే ఇలాంటి చిన్న నగరాలు 80కి పైగా ఉన్నాయి. అందులో సెయింట్ మాథ్యూస్ వంటివి అసలు నగరంగా ఏర్పడిందే లూయివిల్ తమను కలుపుకోకుండా అడ్డుకోవడానికి.

1963లో తన కౌంటీతో కలిసిన నాష్‌విల్ కొంత తెలివైన దారి ఎంచుకుంది. కౌంటీ మొత్తానికి సాధారణ సేవల మండలం ఒకటి, అందులో వీధిదీపాలూ చెత్త సేకరణా వంటివి అదనంగా అందే ప్రాంతానికి పట్టణ సేవల మండలం మరొకటి పెట్టి, అదనపు సేవ పొందేవారి దగ్గరే అదనపు పన్ను తీసుకుంది. బెల్ మీడ్ వంటి సంపన్న శివారు తన పోలీసులను తానే పోషించుకుంటూ విడిగా కొనసాగుతోంది. అంత స్తోమత లేని లేక్‌వుడ్ 2011లో జనం ఓటుతో విడి నగరంగా నిలిపే తన చార్టర్‌ను (అధికార పత్రాన్ని) వదులుకుని నాష్‌విల్ ఉమ్మడి ప్రభుత్వంలో కలిసిపోయింది. విడిగా ఉండటానికి ఖర్చవుతుంది.

ప్రశ్న: న్యూయార్క్‌లో ఉండే మా బంధువులు చిరునామాలో ‘ఫ్లషింగ్’ అని రాస్తారు. ఫ్లషింగ్ కూడా స్పీడ్‌వే లాగా విడి ఊరేనా?

జవాబు: కాదు, సరిగ్గా దానికి తలకిందులు. 1898లో చుట్టుపక్కల ప్రాంతాలన్నీ న్యూయార్క్‌లో కలిసినప్పుడు, క్వీన్స్ బరోలో (బరో అంటే న్యూయార్క్ నగరంలోని ఒక పెద్ద విభాగం) ఫ్లషింగ్, జమైకా వంటి పాత ఊళ్ల ప్రభుత్వాలు పోయాయి గానీ వాటి పోస్టాఫీసు పేర్లు నిలిచిపోయాయి. అప్పటికే ఒకే నగరంగా ఉన్న బ్రూక్లిన్ వాసులు బ్రూక్లిన్ అనే రాస్తారు. క్వీన్స్ వాసులు క్వీన్స్ అని రాయకుండా పాత ఊరి పేరు రాస్తారు. మీ బంధువులకు పోలీసు, మేయర్ న్యూయార్క్ వాళ్లే, పోస్టు మాత్రం ఫ్లషింగ్‌ది.

ప్రశ్న: ఒకసారి కలిసిన ఊరు మళ్లీ విడిపోవచ్చా?

జవాబు: అరుదుగా. కెనడాలో టొరంటో ప్రాంతపు ఆరు మునిసిపాలిటీలను కలపవద్దని 1997లో ఓటేసిన వారిలో దాదాపు మూడొంతుల మంది చెప్పినా, ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం 1998 జనవరి 1న కలిపేసింది. పాత ఊళ్ల పేర్లతో కమ్యూనిటీ కౌన్సిళ్లు మిగిలాయి. అవి వీధి పార్కింగు, కంచెల మినహాయింపుల వంటి స్థానిక విషయాలు చూస్తాయి.

మాంట్రియల్ కథ వేరు. ఆ ద్వీపంలోని మునిసిపాలిటీలన్నిటినీ 2002లో ఒకే నగరంగా చేశారు. తర్వాత అధికారంలోకి వచ్చిన క్విబెక్ రాష్ట్ర ప్రభుత్వం 2004 జూన్‌లో, విడిపోవాలనుకునే ఊళ్లకు ఓటు అవకాశం ఇచ్చింది. మెజారిటీ వస్తే చాలదు, అటు పడిన ఓట్లు నమోదైన ఓటర్లలో 35 శాతమైనా ఉండాలన్న షరతు పెట్టింది. అలా 15 ఊళ్లు 2006 జనవరి 1న మళ్లీ విడి ఊళ్లయ్యాయి; అనుకూలంగా ఎక్కువ ఓట్లు పడినా 35 శాతం అందక మరికొన్ని నగరంలోనే ఉండిపోయాయి. విడిపోయినవాటికి మేయర్, కౌన్సిల్, ఊరి పేరు తిరిగి వచ్చాయి. పోలీసు, అగ్నిమాపకం, మంచినీటి సరఫరా వంటి పెద్ద పనులు మాత్రం ద్వీపం మొత్తానికి ఉన్న ఉమ్మడి మండలి చేతిలోనే ఉన్నాయి. వాటి ఖర్చులో ఆ ఊళ్లు తమ వాటా కడతాయి, ఆ మండలిలో ఎక్కువ ఓట్లు మాంట్రియల్ నగరానివి.