చిల్లర సరిగ్గా ఇచ్చినవాడు మంచివాడేనా?

చిరంజీవికి,

ఏ పని మంచిదో ఎలా తేల్చాలన్న నీ వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే ‘మనస్సాక్షి చెప్పిందే ధర్మం’ అని తేల్చేశావు. ఇక మిగతా మూడు పేజీలు దేనికి? ఆ వాక్యం కొట్టేసి, ఒక్క పనిని పట్టుకో.

పదేళ్ల పిల్ల కిరాణా కొట్లో వంద నోటిచ్చి 62 రూపాయల సరుకు కొంది. కొట్టాయన 38 లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. మంచి పనేనా? ఇప్పుడు ఒక్క వివరం మార్చు: మోసం బయటపడితే గిరాకీ పోతుందని భయపడి ఇచ్చాడు. పిల్లకు ముట్టింది అదే 38. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో ఇలాంటి కొట్టువాణ్ణే చూపించి, పని కర్తవ్యానికి తగ్గట్టే ఉంది గానీ కర్తవ్యమని చేసింది కాదన్నాడు. ఇంగ్లీషు తత్వవేత్త మిల్ ఒప్పుకోడు. ఎందుకు చేశాడన్నది మనిషి ఎలాంటివాడో చెబుతుంది తప్ప పని తప్పా ఒప్పా అన్నది తేల్చదంటాడు. నువ్వు ఎటువైపో తర్వాత చెప్పొచ్చు. ఒకేసారి రెండు వివరాలు మాత్రం మార్చకు, దేనివల్ల తీర్పు మారిందో నీకే తెలియదు.

అబద్ధం గురించి రాసిన భాగం బలహీనంగా ఉంది. భారతంలో, ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన కౌశికుడి కథ ఎత్తుకున్నావు, మంచిదే. దొంగలు అడిగితే, పారిపోయినవాళ్లు ఎటు వెళ్లారో నిజం చెప్పేసి నరకానికి పోయాడు. కాంట్ అయితే 1797లో, తలుపు దగ్గర నిలబడ్డ హంతకుడికి కూడా అబద్ధం చెప్పకూడదని పట్టుబట్టాడు. కానీ నువ్వు కౌశికుడి దగ్గరే ఆగి, ‘మేలు జరిగితే అబద్ధం తప్పు కాదు’ అనేశావు. పక్కనే ద్రోణపర్వం పెట్టి చూడు. ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ఏనుగని గొణిగి ధర్మరాజు గెలుపుకు దారి చేశాడు. అయినా నాలుగంగుళాలు పైన నడిచే రథం నేలకు దిగింది. తేడా ఎక్కడుంది? కౌశికుడు అబద్ధమాడి ఉంటే బతికేది పరాయివాళ్లు. ఇక్కడ లాభం చెప్పినవాడిదే. పైగా మాట అక్షరాలా నిజమే, ఉద్దేశం మోసం. ఈ రెండు తేడాల్లో ఏది బరువైనదో నీ వ్యాసం తేల్చాలి. (పర్వాల పేర్లు కూడా సరిచూసుకో. కౌశికుడు కర్ణపర్వంలో ఉంటాడు, అర్జునుడు అన్నగారి మీదికి కత్తి దూసినప్పుడు కృష్ణుడు చెప్పేది.)

చివరి పేజీలో ‘అందరూ లంచం ఇస్తున్నారు కాబట్టి’ అని ఉంది. జరుగుతున్నదాని నుంచి జరగాల్సినదానికి అమాంతం దూకావు. ఈ గంతును స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ ఎప్పుడో పట్టుకున్నాడు. పెన్సిల్‌తో ప్రతి ‘కాబట్టి’ కింద గీత గియ్యి. గీతకు ముందు ‘ఉంది’, తర్వాత ‘ఉండాలి’ కనిపిస్తే మధ్యలో ఒక కారణం రాయకుండా మిగిలిపోయినట్టే, అది రాసెయ్యి.

తిరగరాసి పంపు. రెండు పేజీలు దాటనివ్వకు.

ఆశీస్సులతో.