సమాధానం: చీకటి పడ్డాక డ్రోన్ పక్కకు ఎందుకు జరుగుతోంది

రాజోలు దగ్గర దాళ్వా వరికి మార్చి నెలాఖరున రాత్రి ఏడున్నరకు మందు కొడుతుంటే డ్రోన్ పక్కవాళ్ల రొయ్యల చెరువు వైపు జరిగిందని, సౌర తుపానుకి దిక్సూచి చెడిందేమోనని అడిగారు కదండీ. దిక్సూచి సంగతి వదిలేయండి. మన దగ్గర భూ అయస్కాంత క్షేత్రం 42,000 నానోటెస్లాల (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) పైమాటే. 2024 మే 10, 11 తేదీల పెద్ద సౌర తుపానులో కూడా తగ్గింది దాదాపు 400. నూటికి ఒక వంతు! దానికి ముల్లు దారి తప్పదు. బోరు మోటారు, ఇనప పైపుల పక్కన దిక్సూచిని క్యాలిబ్రేట్ చేస్తే (సరిచేసుకుంటే) మాత్రం తప్పుతుంది, అది ఒకసారి చూసుకోండి.

నా అనుమానమంతా అయనోస్ఫియర్ మీదే, అంటే విద్యుదావేశ కణాలు నిండిన వాతావరణ పైపొర మీదే. అయస్కాంత భూమధ్యరేఖ (అయస్కాంత ముల్లు కిందికీ పైకీ వంగకుండా అడ్డంగా నిలిచే గీత) మన దేశం దక్షిణ కొసన, తిరునల్వేలి వైపుగా పోతుంది. పొద్దు గుంకాక అక్కడ ఆ పొరలో ప్లాస్మా బుడగలు, అంటే ఆ కణాలు పలచబడిన చోట్లు, పుట్టి పైకి లేస్తాయి. అవి ఎత్తుకు వెళ్లేకొద్దీ అయస్కాంత రేఖల వెంట ఉత్తరాన మన గోదావరి దాకా సాగుతాయి. వాటి గుండా వచ్చే జీపీఎస్ సిగ్నల్ నక్షత్రంలా మిణుకుమంటుంది. రిసీవర్ కొన్ని ఉపగ్రహాలను పట్టుకోలేక స్థానం తప్పు చెబుతుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఇది ఎక్కువ. సౌర తుపాను లేని రోజున కూడా వస్తుంది కాబట్టి కేపీ సూచిక (భూ అయస్కాంత అలజడిని చెప్పే అంకె) తక్కువుందని ధైర్యపడకండి.

రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్ కొంత మేలే కానీ, బుడగలు గట్టివైతే అదీ తడబడుతుంది. తెల్లవారాక కొట్టండి. పురుగుమందు చుక్క పడినా రొయ్య తట్టుకోదండీ.